ఇంటి యంత్రమా? చేతి యంత్రమా?

చేత సొమ్ము లేనపుడు కోరికలు పది యుండును. సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట ఆ పదింటిలో ఒకదానిని నిలుపుకొని తక్కినవానిని విడువవలసి వచ్చును. ఈ విడుచుటయే కష్టము. ఇల్లు కట్టుటయందును, పొలము కొనుటయందును పెద్దలకు ఇట్టి సంకటము కలుగుచుండును. మాకు 2010వ సంవత్సరపు వేసవిలో ఒక ఆటవస్తువు విషయమున కలిగినది. వస్తువు చిన్నదే. అయినను ఆ నెలదినములలో మేము నేర్చుకొన్నది చిన్నది కాదని ఇప్పుడు తోచుచున్నది. పాఠశాల పత్రికకు ఏదైన వ్రాసి పంపుడని పూర్వవిద్యార్థులను కోరిరి గావున, ఈ బల్లలమీదనే కూర్చుండి చదువుకొన్న మేమిరువురము అన్నదమ్ములము ఆ కథను కలిసి వ్రాయుచున్నాము. ‘మేము’ అన్నచోట నెల్ల ఇరువురమనియే చదువరులు గ్రహింతురు గాక. మా తలపులు వేరైన చోట ‘పెద్దవాడు’, ‘చిన్నవాడు’ అని చెప్పుదుము.

ఆ యేడు మాలో పెద్దవాడు పదవతరగతి పరీక్ష వ్రాసి యుండెను. జూను మాసమున ఇంటర్మీడియెట్ చదువునకై వేరొక పట్టణమునకు పోయి హాస్టలులో నుండవలెను. చిన్నవాడు ఏడు ముగించి ఎనిమిదవ తరగతిలోనికి వచ్చుచుండెను. పుట్టినది మొదలు ఒక్క పక్కమీద పండుకొన్న మేము వేరగుట అదియే మొదలు. ఈ సంగతి ఇరువురకును తెలియును గాని ఒకరితో నొకరము చెప్పుకొనలేదు.

మా యిల్లు చిన్నది. ముందుగది యొకటి, పడకగది యొకటి, వెనుక వంటయిల్లు. ముందుగదిలో టీవీ, దాని కెదురుగా మా నాయనమ్మగారి మంచము. తాతగారు గతించిన పిమ్మట సాయంకాలములందు ఆమెకు ఆ టీవీయే తోడు. దీపములు పెట్టిన వేళ మొదలు తొమ్మిది గంటల వరకు ఆమె వార్తలును, పాత సినిమా పాటలును చూచుచు, వినుచు, నడుమ కునికిపాట్లు పడుచు ఉండెడిది.

మూడు సంవత్సరములు సంక్రాంతి పండుగకు మేనమామలిచ్చిన సొమ్మును ఒక మట్టి ముంతలో వేసి దాచితిమి. పదవతరగతిలో మంచి మార్కులు వచ్చినచో ముంతలో నెంత యున్నదో అంత తాము కలిపెదమని నాన్నగారు మాట యిచ్చిరి. ఫలితములు వచ్చినవి, మాట నిలుపుకొనిరి. ఇంకను కొంత తక్కువపడగా నాయనమ్మగారు తమ పింఛను సొమ్ములోనుండి తీసి, “ఏం కొనుక్కుంటారో నాకు తెలియదు గాని, దాని కోసం ఇద్దరూ కొట్టుకోకండిరా” అని మా చేతిలో పెట్టిరి.

అప్పటికి మా యెదుట రెండు యంత్రము లుండెను. రెండును సోనీ సంస్థవారివే. మొదటిది ప్లేస్టేషన్ 2. అది 2000 మార్చిలో జపానునందు మొదట వెలువడినది. దానికి సొంత తెర లేదు. పసుపు, తెలుపు, ఎరుపు మొనలుగల తీగతో ఇంటి టీవీకి తగిలించిననే బొమ్మ వచ్చును. ముందుభాగమున రెండు కంట్రోలర్లు పెట్టుటకు తావు గలదు. ఆటలు డిస్కులమీద వచ్చును. ఎంతవరకు ఆడితిమో నిలుపుకొనుటకు ఎనిమిది మెగాబైట్ల మెమరీ కార్డు వేరుగా కొనవలెను. 2006లో ప్లేస్టేషన్ 3 వచ్చినందున ఇది పాతబడి, వెల తగ్గి, మావంటివారికి అందుబాటులోనికి వచ్చెను. రెండవది పి.ఎస్.పి. ఇది 2004 డిసెంబరులో జపానున వెలువడినది. 4.3 అంగుళముల తెర, మీటలు, బ్యాటరీ అన్నియు రెండు చేతులలో ఇమిడిపోవును. ఒకమారు ఛార్జి చేసిన మూడు మొదలు ఆరు గంటలవరకు ఆడవచ్చును. వెల మాత్రము ఇంటి యంత్రముకంటె హెచ్చు. రెండును కొనుటకు మా ముంత చాలదు.

పెద్దవాడు చేతి యంత్రము కావలె ననెను; చిన్నవాడు ఇంటి యంత్రము కావలె ననెను. మూడు దినములు వాదములు జరిగినవి. నాలుగవ దినమున నాన్నగారు ఒక తెల్లకాగితము నడుమ గీత గీసి, “అరవక, వ్రాయుడు” అనిరి. వ్రాసితిమి.

పెద్దవాని పక్షమిది. వేసవిలో మా యూర దినమునకు కొన్ని గంటలు కరెంటు పోవును; కరెంటు లేనిదే ఇంటి యంత్రము ఉత్త పెట్టె. చేతి యంత్రము చీకటిలోనైనను, డాబామీదనైనను, బస్సులోనైనను ఆడవచ్చును. దానికి టీవీ అక్కరలేదు గావున నాయనమ్మగారి కార్యక్రమములకు అడ్డు రాదు.

చిన్నవాని పక్షమిది. ఇంటి యంత్రమునకు ఇంకొక కంట్రోలరు కొన్నచాలు, ఇరువురము ఎదిరించి ఆడవచ్చును. చేతి యంత్రములతో అట్లు ఆడవలెనన్న సాధారణముగా ఇరువురకు రెండు యంత్రములుండవలెను. ఇంటి యంత్రమున సినిమా డీవీడీలును వేసికొనవచ్చును, ఇంటిల్లపాదియు చూడవచ్చును. చేతి యంత్రము జారి క్రిందపడిన తెర పగులును. వెల తక్కువ గావున మిగిలిన సొమ్ముతో ఆటల డిస్కులు కొనవచ్చును.

కాగితము రెండు వైపుల నిండెను. ఏ వైపును బరువు తగ్గలేదు. ఇప్పుడు ఆ కాగితమును తలచుకొన్నచో ఒక సంగతి కానవచ్చుచున్నది. పెద్దవాడు వ్రాసినవన్నియు పోవువాని అవసరములు. చిన్నవాడు వ్రాసినవన్నియు ఉండిపోవువాని అవసరములు. జూను మాసము అను మాట మాత్రము ఆ కాగితముపై ఎక్కడను లేదు.

ఈ యంత్రముల పుట్టుకయందే ఈ భేదము గలదని మేము పెద్దలమైన తరువాత చదివి తెలిసికొంటిమి. అమెరికాలో రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు 1966లో, ఇండ్లలో కోట్లకొలది టీవీలున్నవి గదా, వానిని ఊరక చూచుటయే గాక వానిపై ఆడుకొన రాదా అని యోచించెను. ఆ యోచన ఫలించి 1972లో మాగ్నవాక్స్ సంస్థవారి ఒడిస్సీ అను మొదటి ఇంటి యంత్రము అంగడికి వచ్చెను. జపానులో నింటెండో సంస్థయందలి గున్‌పే యోకోయి అను ఇంజనీరు, వేగపు రైలులో ఒక ప్రయాణికుడు ప్రొద్దుపోక కాలిక్యులేటరు మీటలు నొక్కుచుండుట చూచెననియు, దానినుండియే 1980లో గేమ్ అండ్ వాచ్ అను చిన్న చేతి యంత్రము పుట్టెననియు చెప్పుదురు. ఆయన వర్గమువారే 1989లో గేమ్ బాయ్‌ని వెలువరించిరి. దాని తెరకు రంగులు లేవు, వెలుగును లేదు. కాని నాలుగు చిన్న బ్యాటరీలతో దినమంతయు గడుపవచ్చును. మరుసటి సంవత్సరము సేగా సంస్థవారు రంగుల తెరతో తెచ్చిన గేమ్ గేర్ ఆరు బ్యాటరీలను కొలది గంటలలో తినివేయుచుండెను. జనులు రంగును గాక ఓర్పునే మెచ్చుకొనిరి. ఒక యంత్రము ఇంటిలోని టీవీనుండి పుట్టినది. ఒకటి రైలులోని ఒంటరివాని నుండి పుట్టినది. మా వాదమును అంతియే.

వాదము తెగకుండగనే మాకొక పరీక్ష కలిగెను. మా వీధిలోని స్నేహితు డొకడు పెండ్లికి ఊరికి పోవుచు తన పి.ఎస్.పి.ని రెండు దినములు మాయొద్ద నుంచెను. మేము గడియారము ముందుంచుకొని అరగంట కొక వంతుగా ఆడితిమి. కలహము లేదు. నాన్నగారు సంతోషించిరి. అయితే ఒకరు ఆడుచున్నపుడు రెండవవానికి చేయునదేమియు లేదు. భుజముమీదినుండి తొంగిచూచుచు కొంతసేపు, మెడ నొప్పిపుట్టి ప్రక్కకు పోయి కొంతసేపు గడపెడివాడు. ఆ రెండు దినములలో మేము ఒకరితో నొకరము చెప్పుకొన్న మాటలు ‘నా వంతు’, ‘ఇంకొక్క నిమిషము’ అను రెండే.

రెండవనాటి రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట కరెంటు పోయెను. అమ్మయు నాన్నగారును బంధువుల ఇంటికి పోయి యుండిరి. పెద్దవాడు పడకగది మూలను గోడకు చేరబడి కారు పందెము ఆడుచుండెను. చిన్నవాడు చాప తీసికొని డాబామీదికి పోయి పండుకొనెను. ముందుగదిలో చీకటి. నాయనమ్మగారు, “ఒరే, ఎవరైనా కాసిని మంచినీళ్ళు ఇయ్యండిరా” అని పిలిచిరి. కొంతసేపటికి మరల పిలిచిరి. తరువాత చెంబు పడిన చప్పుడును, ఆమె పడిన చప్పుడును వినవచ్చెను.

దైవవశమున ఎముక విరుగలేదు. మోచేయి వాచి, పదిదినములు కట్టు కట్టుకొని ఎడమచేతితో భోజనము చేసిరి. “చీకట్లో నేనే చూసుకోలేదు” అని అమ్మతో చెప్పిరి. పిలుపు వినలేదని పెద్దవాడు చెప్పెను. నిద్రపోతినని చిన్నవాడు చెప్పెను. ఎన్నో యేండ్లు ఆ మాటమీదనే యుంటిమి. ఈ వ్యాసము వ్రాయుటకై కూర్చుండిన దినమున ఇరువురము ఒకరితో నొకరము నిజము చెప్పుకొంటిమి. పెద్దవాడు వినెను. ఈ పందెము ముగియగానే లేచెద ననుకొనెను. చిన్నవాడును డాబామీద మేలుకొనియే యుండి వినెను. ఆటలో నున్నవాడు క్రిందనే యున్నాడు గదా, వాడే లేచునులే యనుకొనెను. ఇందు యంత్రముయొక్క నేరమేమియు లేదు. అది చేతిలో నుండుమన్న ఉండెను, ఆడుమన్న ఆడెను. దోషము మా యిరువురిది, సరిసమానముగా ఇరువురిది.

మరునాడు ఆ చేతి యంత్రమును స్నేహితుని ఇంట ఒప్పగించి తిరిగివచ్చుచు పెద్దవాడు దారిలో నిలిచి, “మనము ఇంటి యంత్రమే కొందము” అనెను. చిన్నవాడు గెలిచితినని గంతులు వేయవలసినది; వేయలేదు. “నీవు పోయిన తరువాత నేనొక్కడనే దానితో ఏమి చేయుదును?” అని అడిగెను. జూను మాసమును గూర్చి మాలో నొకడు పలికిన మొదటి మాట అదియే. పెద్దవాడు, “నేను పోవువాడను. నాతో తీసికొనిపోవు వస్తువు కాదు, ఇంటిలో విడిచిపోవు వస్తువు కావలెను. ముందుగదిలో ఆడినచో నాయనమ్మ మంచము ప్రక్కనే గదా ఆడుదుము” అనెను.

నాన్నగారితో విజయవాడకు బస్సులో పోయి, బీసెంటు రోడ్డు ఎండలో మూడు అంగళ్ళు తిరిగి, ప్లేస్టేషన్ 2ను, రెండవ కంట్రోలరును, మెమరీ కార్డును కొంటిమి. ఒక కారు పందెపు డిస్కును, ‘దేశీ అడ్డా’ అను డిస్కును తెచ్చుకొంటిమి. ఈ రెండవది 2009లో హైదరాబాదునందలి గేమ్‌శాస్త్ర సంస్థవారు చేసినది. కబడ్డీ, బిళ్ళంగోడు, గాలిపటములవంటి మన ఆటలు అందు గలవు. అదే సంవత్సరము హైదరాబాదులోనే అరోనా టెక్నాలజీస్ వారు ఈ యంత్రమునకై ‘హనుమాన్: బాయ్ వారియర్’ అను ఆటను చేసిరి. జపానునుండి వచ్చిన పెట్టెలో మన వీధి ఆటను మన ఊరివారే పెట్టిరని తెలిసి మాకు కొంత గర్వము కలిగెను. నాయనమ్మగారు మాత్రము తెరమీది బిళ్ళంగోడును చూచి, “బయట వీథంతా ఖాళీగా ఉందిగదరా” అనిరి. ఆ మాటకు మాయొద్ద ఉత్తరము లేకపోయెను.

టీవీ విషయమున ఒక కాలపట్టిక వ్రాసి గోడకు అంటించితిమి. మధ్యాహ్నము రెండు గంటలు మావి. సాయంకాలము ఆరు మొదలు తొమ్మిది వరకు ఆమెవి. పదిదినములు గడచునప్పటికి ఆమె ఏడున్నరకే, “కళ్ళు లాగుతున్నాయి, మీరు పెట్టుకోండిరా” అని రిమోటు మాకిచ్చుచుండెను. మేము సంతోషముతో పెట్టుకొంటిమి. ఆమె కన్నులకు ఏ బాధయు లేదని అమ్మ మాతో చెప్పువరకు మాకు తట్టలేదు. చేతి యంత్రము మమ్ము ఆమెనుండి తీసికొనిపోయెను. ఇంటి యంత్రము ఆమెనుండి పాటలను తీసికొనిపోయెను. ఏది కొన్నను ఇంటిలో ఎవరో యొకరు వెల చెల్లించుచునే యుందురు. అంగడివాడు వ్రాసియిచ్చిన రసీదులో ఆ వెల ఉండదు. నాటినుండి పట్టికను ఒక్క నిమిషమైనను దాటలేదు. ఆమె రిమోటు చాచినను తొమ్మిదింటి వరకు పుచ్చుకొనలేదు.

జూను మాసము రానేవచ్చెను. హాస్టలువారు పంపిన అచ్చుకాగితములో తేరాని వస్తువుల పట్టిక యుండెను. సెల్‌ఫోనుల తరువాత ఆటయంత్రములను మాటయు అందు గలదు. చేతి యంత్రమును కొని యున్నచో అది ద్వారముకడనే ఆగిపోయి యుండెడిది. మేము ఎంచుకొన్నది సరియగుట మా వివేకముచేత కాదు, అదృష్టముచేత నని ఒప్పుకొనవలెను.

పెద్దవాడు పోయిన పిమ్మట వారము దినములు చిన్నవాడు ఆ పెట్టెను ముట్టలేదు. ఎనిమిదవ దినమున, తొమ్మిది గంటలు కొట్టగనే నాయనమ్మగారు, “ఆ రెండో పిడి ఇలా ఇయ్యరా” అనిరి. ఆ కారు పందెములో ఇరువు రాడవలెనన్న రెండవ కంట్రోలరుమీద మీట నొక్కిననే ఆట మొదలగును. ఆమెకు ఆ మీట యొకటి చూపెను. తెర రెండుగా చీలెను. పైభాగమున చిన్నవాని కారు, క్రిందిభాగమున ఆమె కారు. చిన్నవాడు పందెము ముగించి వచ్చునప్పటికి ఆమె కారు మొదటి గీతమీదనే నిలిచి యుండెను. “నా బండి కదలదేమిరా?” అని అడిగిరి. కదలించు మీటను చూపెను. ఆమె దానిని గట్టిగా నొక్కిపట్టిరి. కారు తిన్నగా పోయి గోడకు గుద్దుకొని అచ్చటనే నిలిచెను. “అదిగో, కదిలింది” అని సంతోషించిరి. నాటినుండి కరెంటున్న రాత్రులందు ఒక పందెము జరుగుచుండెను. కరెంటు లేని రాత్రులందు ఆ మంచముమీదనే కూర్చుండి, పెద్దవాడు అచ్చట ఏమి తినుచున్నాడో యని ఇరువురును మాటలాడుకొనెడివారు. మంచినీళ్ళ చెంబు నిండుగా, ఆమె చేతికి అందునట్లుగా ఉండెడిది.

దసరా సెలవులకు పెద్దవాడు ఇంటికి వచ్చి కంట్రోలరు అందుకొనబోగా, “అది నాది, ఎర్రబండి నాది, నువ్వు తరవాత” అని ఆమె పలికిరి. పెద్దవాడు ఆ సాయంకాలమంతయు తన వంతునకై వేచి యుండెను. అంతటి ఆనందముతో ఎన్నడును వేచి యుండలేదని ఇప్పుడు చెప్పుచున్నాడు.

ప్లేస్టేషన్ 2 పదిహేను కోట్లకు పైగా అమ్ముడై, 2013 నాటికి తయారగుట మానినది. నాయనమ్మగారు 2014లో గతించిరి. యంత్రము ఇప్పటికిని బీరువామీద గలదు. డిస్కును మాత్రము సరిగా చదువదు. 2017 మార్చి 3వ తేదీన నింటెండో సంస్థవారు స్విచ్ అను యంత్రమును వెలువరించిరి. పీఠముమీద నుంచిన టీవీలో కనబడును, పైకి తీసిన చేతిలో ఆడును. ప్రక్కల నున్న చిన్న కంట్రోలర్లను ఊడదీసి ఇరువు రాడుకొనవచ్చును. 2025 జూనులో దాని రెండవ తరమును వచ్చినది. ఇట్టిది మా కాలమున ఉన్నచో మా కాగితమునకు నడుమ గీతయే అక్కరలేకుండెడిది. ఇంక వాదమేమున్నదని చిన్నవారు మమ్ము అడుగుచున్నారు.

సోదర విద్యార్థులారా! యంత్రములు ఒకటైనను ప్రశ్న తీరలేదని మా మనవి. కొనవలసిన దినము వచ్చినపుడు మీరును కాగితముమీద నడుమ గీత గీయుడు. వెలయు, బ్యాటరీయు, ఆటల సంఖ్యయు వ్రాయుడు. అవి యన్నియు అవసరమే. పిమ్మట కాగితమును త్రిప్పి, దీనిని కొన్నచో ఇంటిలో ఎవరి గంటలు తరుగును, ఎవరి ప్రక్కన కూర్చుండి ఆడుదుము, పిలిచిన ఎవరు లేతురు అను మూడు మాటలు వెనుక వ్రాయుడు. మేము కాగితమును త్రిప్పుటకు ముందే ఒక చెంబు పడెను. మీ యింట అట్లు పడకుండు గాక.